పసుపు ఎందుకు ఎర్రబడింది?

ఆదివారం. తల్లి బట్టలు ఉతుకుతోంది. తెల్లచొక్కా మీద పప్పు మరక ఉంది. దానికి సబ్బు పెట్టింది. పచ్చని మరక కాస్తా ఎర్రబడింది.

"ఇదేం సబ్బు! మరక పోలేదు సరికదా, ఎర్రగా అయింది" అంది తల్లి.

కూతురు ఏడో తరగతి చదువుతోంది. "సబ్బు క్షారం అమ్మా. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. మా సైన్సు పాఠంలో ఉంది" అని గడగడా చెప్పింది.

"క్షారం అంటే ఏంటే?"

కూతురు నోరు మెదపలేదు. పాఠం బట్టీ పట్టింది. పరీక్షలో రాసింది. మార్కులూ వచ్చాయి. కానీ బడిలో ఎవరూ చేసి చూపలేదు.

"పారాణి ఎట్లా కలుపుతాం?" అని అడిగింది తల్లి.

"పసుపులో సున్నం వేసి."

"మరి అదీ ఎర్రగానే అవుతుందిగా!"

కూతురు కళ్లు మెరిశాయి. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. చెంచాడు పసుపు నీళ్లలో కలిపారు. తెల్లకాగితానికి పూసి నీడన ఆరబెట్టారు. ముక్కలుగా చింపారు. ఒక ముక్క మీద సబ్బునీళ్లు వేశారు. ఎర్రబడింది. సున్నపు తేట వేశారు. ఎర్రబడింది. పొయ్యిలోని కట్టెల బూడిద నీళ్లలో కలిపి, తేట తీసి వేశారు. అదీ ఎర్రబడింది! ఉప్పునీళ్లకు రంగు మారలేదు. చింతపండు పులుసుకూ మారలేదు. ఎర్రబడిన ముక్క మీద నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చగా అయింది.

సబ్బు, సున్నం, బూడిద నీళ్లు క్షారాలు. నిమ్మరసం, చింతపండు పులుసు ఆమ్లాలు. (సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. సున్నపు నీళ్లు పెద్దవాళ్లే కలపాలి.)

ఇలా చేతులతో చేసి నేర్చుకునే చదువు ఒకచోట ముప్పై ఏళ్లు నడిచింది. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లా ఉంది. 2022లో దాని పేరు నర్మదాపురంగా మార్చారు. అక్కడ 1972లో 16 బడుల్లో ఈ పద్ధతి మొదలైంది. 1978లో జిల్లా అంతా వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు నలుగురేసి కూర్చుని ప్రయోగాలు చేసేవారు. పొలాలకు వెళ్లి మొక్కలు చూసేవారు. వాళ్ల పుస్తకంలో ప్రశ్నలుండేవి, జవాబులుండేవి కావు. జవాబు పిల్లలే చేసి తెలుసుకోవాలి. పరీక్షకు పుస్తకం తీసుకుపోవచ్చు. ఇక బట్టీతో పనేముంది? 2002లో ప్రభుత్వం ఆ పద్ధతిని ఆపేసింది. అప్పటికి అది వెయ్యికి పైగా బడుల్లో నడుస్తోంది.

ఇక్కడ ఈ తల్లి ఊరుకోలేదు. సోమవారం కూతురితో పాటు బడికి వెళ్లింది.

"మా పిల్లలతో ప్రయోగాలు ఎప్పుడు చేయిస్తారు సారూ?"

"సామాన్లు లేవమ్మా" అన్నాడు సారు.

తల్లి కొంగుముడి విప్పింది. పసుపు పొట్లం, సబ్బుముక్క, నిమ్మకాయ బల్ల మీద పెట్టింది. సారు నవ్వాడు. ఆ రోజే పిల్లలతో కాగితాలకు పసుపు పూయించాడు.

"వంటసోడా వేస్తే ఏమవుతుంది సార్?" అని వెనక బెంచీ పిల్లాడు అడిగాడు.

సారు జవాబు చెప్పబోయి ఆగాడు.

"రేపు తీసుకురా. వేసి చూద్దాం" అన్నాడు.