శరణాగతి ఘట్టమున సాక్షిధర్మము

శ్రీమద్రామాయణమున యుద్ధకాండములోని విభీషణ శరణాగతి ఘట్టము భక్తులకు ప్రాణప్రదమైనది. ఒక్కమారు శరణన్న వానికి అభయమిచ్చుట తన వ్రతమని శ్రీరామచంద్రుడు చాటినది ఇచ్చటనే. పెద్దలు దీనిని ప్రపత్తి మార్గమునకు ఆధారముగా బోధింతురు. అయితే ఈ ఘట్టమున గృహస్థునకు అక్కరకు వచ్చు మరియొక పాఠము కూడ కలదు. రాముడు అభయమిచ్చుటకు ముందు ఒక సభ జరిగెను. ఒక ప్రభువు కొలువు విడిచి వచ్చిన వానిని మరియొక ప్రభువు చేర్చుకొనవచ్చునా అన్నది అచ్చటి ప్రశ్న. అట్టివానిని గూర్చి అడిగినప్పుడు ఏమి చెప్పవలెను, ఎంత చెప్పవలెను, ఏ మనస్సుతో చెప్పవలెను అన్న ధర్మము ఆ సభలో తేలినది.

ఈ ప్రశ్న సముద్రతీరమున వానరసేన నడుమ పుట్టి అచ్చటనే ముగిసినది కాదు. వైరా నది ఒడ్డున నున్న మధిర వంటి పట్టణమున, మిరప బస్తాల నడుమ కూడ ఇది ఎదురగును. ఒక సందర్భమును ఊహింతము. మధిరలో ఒక మిర్చి వర్తకుని వద్ద ఒక గుమాస్తా ఏడేండ్లు పనిచేసెను. చిట్టా ఆవర్జాలలో అతనికి సాటి లేరు. పైసా తేడా ఏనాడును రాలేదు. కాని నోరు మంచిది కాదు. సరుకు తెచ్చిన రైతులను కసరుకొనెడివాడు. రెండు సంవత్సరములు సరిగా పంట వచ్చు దినములలోనే చెప్పకుండ వెడలిపోయెను. కడపట నలుగురిలో యజమానిని పరుషముగా మాట్లాడి పని విడిచెను. రెండేండ్లు గడచినవి. ఖమ్మములోని ఒక వర్తకుడు అతనిని తన దుకాణమున కూర్చుండబెట్ట దలచి, ఇతడు ఎట్టివాడని పాత యజమానికి కబురు చేసెను.

అదే దినమున గుమాస్తా వచ్చి గడప వద్ద నిలిచెను. “షావుకారుగారూ, మీ ఒక్క మాట మీద నా పిల్లల కూడు ఉన్నది” అని మాత్రమే అనెను.

అతడు వెళ్ళిన పిదప ఇంట మూడు మాటలు పుట్టినవి. భార్య, “పెట్టకపోయినను పెట్టే చేతిని ఆపరాదండీ. మంచివాడని ఒక మాట అనండి. మన సొమ్మేమి పోయినది?” అనెను. అన్న, “తమ్ముడూ, వాడు నిన్ను నలుగురిలో అవమానించినాడు. ఉన్నది చెప్పు, రెండు మాటలు ఎక్కువే చెప్పు” అనెను. పొరుగింటి పెద్దమనిషి, “ఎందుకు వచ్చిన తగవు? నాకు తెలియదని ఊరకుండుము” అనెను. మొదటి మాట దయ నుండి, రెండవది కోపము నుండి, మూడవది భయము నుండి పుట్టినవి. మూడును లోకమున నిత్యము వినబడునవే. వీనిలో ఏది ధర్మమో తెలియవలెనన్న ఆ సముద్రతీరపు సభను చూడవలెను.

విభీషణుడు నలుగురు అనుచరులతో ఆకాశమున నిలిచి శరణు వేడగా సుగ్రీవుడు, ఇతడు శత్రువు తమ్ముడు, వధింపదగినవాడు అనెను. రాముడు తొందరపడక అందరి అభిప్రాయము అడిగెను. గుణములు ఎక్కువైన గ్రహింపవలెను, దోషములు ఎక్కువైన విడువవలెనని అంగదుడు చెప్పెను. చారుని పంపి పరీక్షింపవలెనని శరభుడు, రాదగని దేశకాలములలో వచ్చినాడు గనుక శంకింపవలెనని జాంబవంతుడు, మెల్లగా మంచిమాటలతో ప్రశ్నింపవలెనని మైందుడు పలికిరి. వీరిలో ఎవ్వరికిని విభీషణుని నడవడి స్వయముగా తెలియదు. వీరు చెప్పినది నీతిశాస్త్రము, సాక్ష్యము కాదు.

హనుమంతుడు అట్లు కాదు. లంకలో రావణుని సభయందు తాను బంధింపబడి యుండగా, దూతను వధింపరాదని అన్నకు ఎదురు చెప్పిన విభీషణుని కన్నులార చూచినవాడు. ఒక విధముగా ప్రాణఋణము కలవాడు. అయినను ఆ ఋణమును ముందు పెట్టి అతనిని పొగడలేదు. ఇతరులు చెప్పిన ఉపాయములలోని కొరతలను ఒక్కొక్కటిగా చూపెను. వచ్చినవాని కంఠమున తొట్రుపాటు లేదని, ముఖము ప్రసన్నముగా నున్నదని, లోపలి భావమును ముఖము పూర్తిగా దాచలేదని, తాను గమనించిన దానిని చెప్పెను. రావణుని దుష్టత్వమును, రాముని పరాక్రమమును చూచి వచ్చుటకు ఇదియే తగిన కాలమని కారణము చూపెను. తుదకు, నా శక్తి కొలది చెప్పితిని, మిగిలినదానికి ప్రమాణము నీవే అని విరమించెను. చూచినది చెప్పుట, కారణము చెప్పుట, తీర్పును అడిగినవానికి విడుచుట — సాక్షిధర్మము ఈ మూడింటిలో నున్నది.

పిదప రాముడు అభయమిచ్చెను. తన్ను శరణు వేడిన వేటగానికి తన మాంసమునే ఆతిథ్యముగా ఇచ్చిన కపోతము కథను గుర్తు చేసెను. వచ్చినవాడు రావణుడే అయినను అభయమిత్తునని పలికెను. ఇచ్చట నిదానించి చూడవలసిన విషయమొకటి కలదు. విభీషణుడు ఒకవేళ ద్రోహియే అయినచో ఆ నష్టము రామునిది, రాముని సేనది. నష్టమును తలకెత్తుకొన గలవాడే రాముడు; కావుననే ఆ దయ రామునకు శోభించినది. హనుమంతుడు చేయవలసినది దయ కాదు, సత్యము. దయ చూపువాడు వేరు, సాక్ష్యము చెప్పువాడు వేరు. ఈ రెండును కలిసిపోయిన చోటనే మన గృహస్థులు తడబడుదురు.

“మన సొమ్మేమి పోయినది” అన్న ఇల్లాలి మాటకు ఇదియే సమాధానము. పోవునది మన సొమ్ము కాదు గనుకనే దానిని దానము చేయుటకు మనకు అధికారము లేదు. ఖమ్మము వర్తకుని దుకాణమును, అచ్చటికి వచ్చు రైతుల మర్యాదను పణముగా పెట్టి చూపిన దయ పరుల సొత్తుతో చేసిన అన్నదానము వంటిది. కోపముతో రెండు మాటలు ఎక్కువ చెప్పుటయు అట్టిదే. గుమాస్తా ఏడేండ్లు చెమటోడ్చి సంపాదించుకొన్న మంచిపేరు అతని ఆస్తి. దానిని దాచుట దొంగతనమే. ఇక తెలిసియుండి తెలియదనుట ఇద్దరికిని ద్రోహము. లోకము ఆ మౌనమును చెడుగానే అర్థము చేసికొనును.

ఈ ప్రాంతపు భక్తులకు కంచర్ల గోపన్న చరిత్ర ఉగ్గుపాలతో అబ్బినది. నేలకొండపల్లిలో పుట్టిన ఆ భక్తుడు అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. 1672లో సింహాసనమెక్కిన గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా కొలువున వారిరువురు గొప్ప పదవులలో నుండిరి. మేనమామల మాట సాయముననే గోపన్నకు పాల్వంచ పరగణా అధికారము లభించినదని సంప్రదాయము. వసూలైన రాజధనము భద్రాద్రి రాముని ఆలయమునకు వెచ్చింపబడెను. గోపన్న గోలకొండ చెరలో పడెను. మంత్రుల పలుకుబడి ఆ చెరను తప్పింపలేకపోయెను. అతని భక్తి సత్యము. బొక్కసమున కలిగిన లోటును సత్యము. ఒకటి రెండవదానిని చెరిపివేయలేదు. రామదాసు కూడ దానిని దాచలేదు. ఏ నగకు ఎంత వెచ్చించినదియు తన కీర్తనలో రామునికే లెక్క ఒప్పజెప్పెను. మహాభక్తుని విషయముననే గుణమును కొరతను రెండును చెప్పుకొనుట అపచారము కానపుడు, సామాన్యుడైన గుమాస్తా విషయమున అది నిందయెట్లగును?

అయితే సత్యమన్నంత మాత్రమున అడిగిన ప్రతివానికి చెప్పుట ధర్మము కాదు. మహాభారతమున కర్ణపర్వమునందు శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పెను. సత్యవ్రతుడైన ఆ తపస్వి, దొంగలకు భయపడి అడవిలో దాగిన జనుల జాడను ఆ దొంగలకే చెప్పి వారి చావునకు కారకుడై నరకము పొందెను. అడుగువానికి అడుగు హక్కు కలదా, ఏ అవసరమునకు అడుగుచున్నాడు అన్నది చూడవలెను. కొలువు ఇవ్వబోవు వర్తకునకు హక్కు కలదు. టీ దుకాణము వద్ద కాలక్షేపమునకు అడుగువానికి లేదు. హక్కు గలవానికైనను పనికి సంబంధించినదే చెప్పవలెను గాని ఇంటి గుట్టు విప్పరాదు.

లౌకిక న్యాయము కూడ ఈ మార్గమునకు దూరము కాదు. 1946 నాటి చట్టము క్రింద కర్మాగారములకు ఏర్పడిన నమూనా నియమములలో, శాశ్వత కార్మికుడు పదవీ విరమణ చేసినను, పని నుండి తొలగింపబడినను సేవాపత్రము పొందుటకు హక్కు కలవాడని ఉండెను. అనగా పనిచేసిన కాలమును ధ్రువపరచుట ఉపకారము కాదు, ఋణము అన్నమాట. మెచ్చుకొని సిఫారసు చేయుట మాత్రము ఐచ్ఛికము. 1860 నాటి శిక్షాస్మృతి స్థానమున 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 356వ విభాగము పరువునష్టమును నేరముగా చెప్పుచునే, పరుల హితము కొరకు సద్బుద్ధితో చేసిన హెచ్చరికను మినహాయించినది. సద్బుద్ధి అన్న మాటయే ఇచ్చట ప్రాణము. కేవలానుమానమును నిశ్చయముగా పలికినవానికి ఆ రక్షణ దొరకుట కష్టము. దొంగిలించుట కన్నులార చూచినచో, అడిగినవానికి చెప్పక తప్పదు. అనుమానము మాత్రమే అయినచో దానిని సాక్ష్యమని చెప్పరాదు.

కావున మధిర వర్తకుడు చేయదగినది ఇది. మొదట గుమాస్తానే పిలిపించి, తాను చెప్పబోవు మాటలను అతని ముఖముననే చెప్పవలెను. ఎదుట చెప్పలేని మాటను చాటున చెప్పరాదు. అది విని అతడు నీ మాట నాకు వలదన్నచో, సిఫారసు మానుకొని, పనిచేసిన కాలమును మాత్రము వ్రాసి యిచ్చుట ఉచితము. అంగీకరించినచో ఖమ్మము వర్తకునకు ఇట్లు చెప్పవచ్చును: “ఏడేండ్లు నా వద్ద ఉన్నాడు. లెక్కలలో తప్పు లేదు, పైసా ముట్టలేదు. కోపము ఎక్కువ, రైతులతో కటువుగా ఉండేవాడు. పంట కాలమున రెండుమార్లు చెప్పకుండ వెళ్ళినాడు. ఈ రెండేండ్లలో మారినాడో లేదో నేను చూడలేదు. పద్దులు వ్రాయుటకైతే నేను వెనుకాడను. ఆపైన మీ చిత్తము.” ఇందు పొగడ్త లేదు, పగ లేదు, చూచినది కలదు, చూడనిది చూడలేదన్న ఒప్పుకోలు కలదు.

ఈ మాట వలన కొలువు రావచ్చును, రాకపోవచ్చును. రానినాడు ఆ పిల్లల కూటి మాట ఏమి? అప్పుడు మొదలగును దయ యొక్క వంతు. ఆ దయ తన కొట్టు నుండి, తన సంచి నుండి, తన నష్టము మీద చేయవలెను. నెలకు సరిపడు బియ్యము పంపవచ్చును. మనసు విశాలమైనచో మరల తన వద్దనే చేర్చుకొనవచ్చును. పాత అవమానమును దిగమ్రింగి తన గడప తెరచుట శ్రీరాముని మార్గము. పరుల గడప వద్ద నిలిచినపుడు చూచినది చూచినట్లు చెప్పి చేతులు జోడించి వెనుకకు తగ్గుట హనుమంతుని మార్గము. రెండు మార్గములును ఒకే ఆలయమునకు చేర్చునవే. భద్రగిరివాసుడు గృహస్థులందరికి సమయమెరిగి ఆ రెండును ఆచరించు బుద్ధిని ప్రసాదించుగాక.