బాత్రూమ్ బొమ్మలు గీయడానికేనా బీఆర్క్?

మాది ఖమ్మం దగ్గర పల్లె. బీఆర్క్ నాలుగో ఏడాది. ‘నాటా’ ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నప్పుడు, ఇది సివిల్ ఇంజినీరింగ్ కాదని ఊళ్లో చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు కోర్సులో భాగంగా ఒక సెమిస్టరు ట్రైనింగ్. హైదరాబాద్‌లో పేరున్న ఆర్కిటెక్టు ఆఫీసులో దొరికిందని ఎగిరి గంతేశాను. చేరిన దగ్గర్నుంచీ బాత్రూమ్ డ్రాయింగులు, తలుపులు కిటికీల షెడ్యూళ్లే. డిజైన్ మీటింగుకు పిలవరు. సైటుకు వస్తానంటే “ఎండలో నీకెందుకమ్మా” అంటారు. నాతో చేరిన అబ్బాయిని మాత్రం తీసుకెళ్తారు. సబ్మిషన్ ఉందంటే రాత్రి పది దాటాల్సిందే. స్టైపెండ్ సంగతి ఎత్తితే “దోషీ అంతటివాడే ప్యారిస్‌లో ఊరికే పనిచేశాడు” అన్నారు. హాస్టల్ డబ్బు నాన్నే పంపుతున్నాడు. ఆయన తాపీమేస్త్రి. ఫోన్ చేసినప్పుడల్లా “ఏం కడుతున్నారు బిడ్డా?” అంటాడు. ఏం చెప్పను? మానేద్దామంటే సర్టిఫికెట్ ఇవ్వరేమోనని, సెమిస్టరు పోతుందేమోనని భయం. ఓర్చుకోనా, మానెయ్యనా?
– పేరు రాయొద్దు, హైదరాబాద్

అమ్మాయ్, నీ ఉత్తరంలో చాలా బాధలు కలగలిసిపోయాయి. బాత్రూములు గీయిస్తున్నారన్న బాధలో నేను నీ వైపు లేను. మిగతా వాటిల్లో ఉన్నాను.

ఇంట్లో అన్నిటికంటే కష్టమైన గది బాత్రూమే. నాలుగడుగుల షవర్ జాగా కావాలని, గోడకీ గోడకీ మధ్య సరిగ్గా నాలుగడుగులు చూపించావనుకో. మీ నాన్న ఇటుక నుంచి ఇటుకకు ఆ కొలతే పెట్టి కడతాడు. తర్వాత రెండు వైపులా ప్లాస్టరింగ్, దాని మీద టైల్స్. ఒకటిన్నర అంగుళమో రెండంగుళాలో మాయం. ముందే కోయించి తెచ్చిన గాజు పలక పట్టదు. తిట్లు తినేది మేస్త్రి, తప్పు డ్రాయింగుది. నీళ్లు పోయే నహానీ ట్రాప్ ఏ మూల పెట్టాలి, వాలు ఎటు ఇవ్వాలి, స్లాబు ఎంత దించితే పైపు పడుతుంది, గుమ్మంలో నిలబడి చూసేవాళ్లకు నిండు టైలు కనపడి ముక్క టైలు తలుపు వెనక్కి పోవాలంటే ఎక్కణ్నుంచి మొదలెట్టాలి... ఇవన్నీ తెలిసినవాళ్లకే ఇల్లు గీయడం వచ్చినట్టు. ఎలివేషన్ల సోకు తర్వాత నేర్చుకోవచ్చు. ఈసారి నాన్న ఫోన్ చేస్తే నువ్వు గీసిన షీటు వాట్సాప్‌లో పంపి, “దీన్ని చూసి కట్టగలవా నాన్నా?” అని అడుగు. మీ సీనియర్ల కంట పడని తప్పు ఆయన పట్టుకున్నా నేను ఆశ్చర్యపోను.

ఇక దోషీ గారి సంగతి. బాలకృష్ణ దోషీ 1951లో ప్యారిస్‌లో ఆర్కిటెక్టు లె కార్బూజియే దగ్గర చేరి, మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేసిన మాట నిజమే. కానీ ఆ గురువు ఆయన్ను చండీగఢ్, అహ్మదాబాద్ పనుల్లో కూర్చోబెట్టాడు. 1954లో అహ్మదాబాద్ కట్టడాలు చూసుకోమని ఇండియా పంపాడు. 2018లో దోషీకి ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. ఆ కథలో ఊరికే చేయించుకున్న ముక్క ఒక్కటే ఏరుకుని, నేర్పిన ముక్క వదిలేస్తే ఎలా? లోకం కూడా అక్కడే ఆగిపోలేదు. 2019లో లండన్‌లో సర్పెంటైన్ గ్యాలరీ పెవిలియన్ డిజైన్ చేసిన జున్యా ఇషిగామి ఆఫీసులో ఇంటర్న్‌లకు డబ్బివ్వరని గొడవైతే, తమ పనిమీద ఉన్న ప్రతి ఒక్కరికీ జీతం ఇచ్చి తీరాలని ఆ గ్యాలరీ పట్టుబట్టింది.

సైటు విషయంలో మాత్రం నాకు కోపమొచ్చింది. తట్టలు మోసేదీ, ఇసుక జల్లించేదీ ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు లేని ఎండ నీకెక్కడిది? నొచ్చుకుని ఊరుకోకు. “వారంలో ఒక రోజు సైటుకు పంపండి సార్, నేను గీసిన బాత్రూమ్ కడుతుంటే చూడాలి” అని అడుగు. నోటితో అడిగి వదిలేయకుండా మెయిల్ కూడా పెట్టు. రోజూ ఏం గీశావో, ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి వెళ్లావో లాగ్‌బుక్కులో రాసుకో. పోర్ట్‌ఫోలియోలో ఏ షీట్లు పెట్టుకోవచ్చో ఇప్పుడే అడిగి రాయించుకో. చివరి రోజు పెన్‌డ్రైవ్‌లో దొంగచాటుగా ఎక్కించుకునే పని పెట్టుకోకు, అది నీ మీదకే వస్తుంది.

రెండు మూడు వారాలు చూడు. సైటుకు పంపి, రాత్రిళ్లు తగ్గిస్తే డబ్బు తక్కువైనా సెమిస్టరు పూర్తి చెయ్యి. మార్పు లేకపోతే ఆ మెయిలు, లాగ్‌బుక్కు పట్టుకుని కాలేజీలో ట్రైనింగ్ వ్యవహారం చూసే మాస్టారి దగ్గరికి వెళ్లు. ఆఫీసు మారడం కొత్తేం కాదు, చాలామంది మారారు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన మరో ఆర్కిటెక్టును చూసుకుని, ఇప్పటిదాకా చేసిన వారాలు లెక్కలోకి వస్తాయో లేదో కాలేజీతో రాతపూర్వకంగా తేల్చుకుని, ఆ కాగితం చేతికొచ్చాకే ఇక్కడ మానెయ్యి.