ఓకే అనే రెండక్షరాలు

చిరంజీవి బుజ్జికి,

నీ ఉత్తరం అందింది. ఇంగ్లీషు సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాసే పని దొరికిందని చదివి మీ బాబాయి, నేను చాలా సంతోషించాం. నువ్వడిగిన వాటిలో ముందుగా 'ఓకే' సంగతి రాస్తున్నాను. రోజూ నీ చేతిలో పడే మాటల్లో అన్నిటికన్నా చిన్నదీ, ఎక్కువ తిప్పలు పెట్టేదీ అదే.

వాట్సాప్‌లో వచ్చిందంటూ నువ్వు పంపిన కథ నేనూ విన్నాను. అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోని రోజున, 'సున్నా మంది హతం' అన్న అర్థంలో సున్నా, పక్కన 'కిల్డ్'కు గుర్తుగా 'కె' రాసేవారని, అదే ఓకే అయిందని. ఆ కథ నిజం కాదమ్మా. ఆ యుద్ధం మొదలైంది 1861లో. ఓకే అంతకు 22 ఏళ్ల ముందే అచ్చులో ఉంది. 1839 మార్చి 23న 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రికలో సంపాదకుడు చార్లెస్ గార్డన్ గ్రీన్ ఒక సరదా వార్తలో ఆ రెండక్షరాలు వాడి, పక్కనే 'ఆల్ కరెక్ట్' అని అర్థం కూడా ఇచ్చాడు. అంటే 'అంతా సరిగ్గా ఉంది' అని.

ఆల్ కరెక్ట్‌లో 'ఓ' ఎక్కడిది, 'కె' ఎక్కడిది అంటావేమో. ఆ రోజుల్లో బోస్టన్ పత్రికల వాళ్లకు అదొక వేడుక. మాటల్ని కావాలనే తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి మొదటి అక్షరాలు మాత్రమే అచ్చేసేవారు. ఆల్ కరెక్ట్‌ను 'ఓ', 'కె'లతో మొదలయ్యేట్టు రాస్తే ఓ.కె. అయింది. ఆల్ రైట్‌ను అలాగే వంకర చేస్తే ఓ.డబ్ల్యు. అయింది. రెండోదాన్ని ఇప్పుడు ఎవరూ ఎరగరు.

ఒకటి పోయి ఇంకొకటి బతకడానికి పెద్ద కారణం 1840 అమెరికా ఎన్నికలు. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేశాడు. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్ ఊరివాడు. 'ఓల్డ్ కిండర్‌హుక్' అన్న ముద్దుపేరుకూ అవే అక్షరాలు కలిసొచ్చాయి. అభిమానులు ఓ.కె. క్లబ్బులు పెట్టారు. ప్రత్యర్థులేమో మాజీ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగ్ రాక అలా రాసేవాడని ప్రచారం చేశారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు కానీ మాట మాత్రం దేశమంతా తిరిగింది. తర్వాత టెలిగ్రాఫ్ వాళ్లు 'అందింది, సరే' అనడానికి దాన్నే వాడుకున్నారు.

ఇదంతా ఊహించి చెప్పింది కాదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆలెన్ వాకర్ రీడ్ పాత పత్రికలన్నీ తిరగేసి, 1963, 64 సంవత్సరాల్లో 'అమెరికన్ స్పీచ్' అనే పత్రికలో రుజువులతో సహా వ్యాసాలు రాశాడు. అంతకుముందు చాలామంది ఓకే అన్నది చాక్టా అనే అమెరికా ఆదివాసీల మాట అనుకున్నారు. అధ్యక్షుడు వుడ్రో విల్సన్ కూడా అలా నమ్మి, ఆ ఉచ్చారణకు తగ్గట్టే స్పెల్లింగ్ రాసేవాడు. చాక్టా భాషలో దగ్గరి మాట ఉన్నమాట నిజమే. కానీ అది అక్కణ్ణుంచి బోస్టన్ పత్రికకు వచ్చిందనడానికి ఆధారం దొరకలేదు. అందుకే, ఏ మాట పుట్టుక గురించి ఎవరు ఎంత అందమైన కథ చెప్పినా, మొదట ఎక్కడ, ఏ ఏడాది కనబడిందో అడుగు. నీ వృత్తిలో ఈ అలవాటు నిన్ను కాపాడుతుంది. 1750 నాటి లండన్ కథలో నౌకరు యజమానితో 'ఓకే దొరా' అన్నట్టు నువ్వు రాశావంటే, ఇంకా పుట్టని మాటను వాడి నోట్లో పెట్టినట్టే కదా!

ఇక అసలు పని. ఓకేలో ఒప్పుకోవడం ఉంది కానీ మెచ్చుకోవడం లేదు. ఇది బాగా పట్టుకో. సినిమా ఎలా ఉందంటే 'ఓకే' అన్నవాడు 'బాగుంది' అనలేదు, 'పర్వాలేదు' అన్నాడు. నువ్వు పంపిన సబ్‌టైటిల్స్ ఫైల్లో అలాంటి చోట 'బాగుంది' అని రాశావు. దాంతో తర్వాతి సీనులో కథలోని దర్శకుడు ఎందుకు నొచ్చుకున్నాడో చూసేవాళ్లకు అర్థం కాదు.

ఇంగ్లీషులో గొంతు మార్చి గడుపుకునే దానికి మనకు వేరువేరు మాటలున్నాయి. పెద్దవాళ్లు చెప్పిన పనికి 'అలాగేనండీ', స్నేహితుడితో 'సరేలే', ఇష్టం లేకుండా తలూపితే 'సరే, మీ ఇష్టం'. కింద పడ్డవాణ్ణి లేపుతూ ఓకేనా అంటే అక్కడ 'దెబ్బేం తగల్లేదుగా?' అనాలి. ఇంకాస్త వడ్డించబోతే 'ఐయామ్ ఓకే' అన్నవాడు ఆరోగ్యం గురించి చెప్పడం లేదు, 'చాలండీ' అంటున్నాడు. పక్క సీటు చూపించి ఓకేనా అని అడిగితే 'ఇక్కడ కూర్చోవచ్చా?' అని. మేనేజరు ఫైలును ఓకే చేస్తే 'ఒప్పుకున్నారు' అని.

అలాగని ఓకేను పూర్తిగా వెళ్లగొట్టమని కాదు. మనవాళ్లు దాన్ని ఎప్పుడో సొంతం చేసుకున్నారు. 'సంబంధం ఓకే అయింది' అంటే ఖాయమైందని ఏ ఊళ్లోనైనా తెలుస్తుంది. హాస్టల్ పిల్లలు మాట్లాడుకునే చోట దాన్ని తీసేసి 'సమ్మతమే' అని పెడితే వినేవాళ్లకు నాటకంలా ఉంటుంది. పాత్ర వయసు, ఎదుటి మనిషి, వాళ్ల చనువు చూసి ఉంచాలో మార్చాలో నువ్వే తేల్చుకోవాలి. ఈ తీర్పు కంప్యూటరుకు వదిలిపెట్టకు.

రెండో ప్రశ్నకు జవాబు విడిగా రాస్తాను. ఈలోగా, వచ్చే ఫైలు కంపెనీకి పంపేముందు ఓకే ఉన్న చోట్లన్నీ వెతికి, ఎవరు ఎవరితో అంటున్నారో పక్కన రాసుకో. ఎటూ తేలనివి నాకు పంపించు, ఇద్దరం కలిసి చూద్దాం. అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పిన్ని