రోగశయ్య చెంత రెక్కల చప్పుడు: 'స్కెలిగ్' నవలా పరిశీలన

బాలసాహిత్యమంటే పేదరాశి పెద్దమ్మ కథలు, రాజకుమారుల సాహసాలు, మాట్లాడే జంతువులు మాత్రమే అనే భావన మనలో చాలామందికి ఉన్నది. పిల్లల కథలో చావుబ్రతుకుల ప్రస్తావన ఉండరాదనే పెద్దలూ ఉన్నారు. కాని పసిపిల్లలున్న ఇల్లు గదా అని జబ్బు గుమ్మం నుండి వెనుదిరిగి పోదు. ఇంట్లో ఒకరు మంచం పట్టినప్పుడు ఆ ఇంటి బాలుని మనఃస్థితి ఎట్లుంటుంది? అతడు చేయదగిన పని ఏమున్నది? ఈ ప్రశ్నకు అద్భుత కల్పన ద్వారా సమాధానం వెదకిన నవల 'స్కెలిగ్'. 1998లో ఇంగ్లండులో వెలువడిన ఈ నవలకు ఆ సంవత్సరపు కార్నెగీ పతకం, విట్‌బ్రెడ్ బాలసాహిత్య బహుమతి రెండూ లభించాయి.

రచయిత డేవిడ్ ఆల్మండ్ 1951లో ఈశాన్య ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జన్మించి, సమీపంలోని ఫెల్లింగ్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. ఆయన బాల్యంలోనే పసికందైన చెల్లెలు మరణించింది. పదిహేనవ యేట తండ్రి పోయాడు. తల్లి కీళ్ళవాతంతో బాధపడింది. ఉపాధ్యాయుడుగా పనిచేస్తూ చాలా ఏళ్ళు పెద్దలకోసం కథలు వ్రాసి, నలభై దాటిన పిమ్మట ఈ మొదటి బాలల నవలను ప్రకటించాడు. 2010లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం అందుకొన్నాడు. రచయిత జీవితం యథాతథంగా నవలలోకి దిగిందనడం తొందరపాటే అవుతుంది. అయినా చెల్లెలి జబ్బు, కీళ్ళవాతం రెండూ ఈ కథలో ముఖ్యస్థానం ఆక్రమించడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

కథ క్లుప్తంగా ఇది. మైకేల్ అనే బాలుని కుటుంబం ఒక పాత ఇంటికి మారుతుంది. నెలలు నిండకుండా పుట్టిన చెల్లెలు ప్రాణాపాయ స్థితిలో ఉన్నది. తల్లి బిడ్డతో ఆసుపత్రిలో, తండ్రి సగం బాగుచేసిన ఇంట్లో. మైకేల్‌తో తీరికగా మాట్లాడేవారు లేరు. వచ్చిపోయే వైద్యునికి అతడు తన మనస్సులో మృత్యువైద్యుడని పేరు పెట్టుకొన్నాడు. వెళ్ళవద్దని పెద్దలు హెచ్చరించిన శిథిల గ్యారేజీలో, పాత పెట్టెల వెనుక, దుమ్ములో బూజులో కూరుకుపోయి, కీళ్ళు బిగుసుకొన్న ఒక వ్యక్తిని అతడు చూస్తాడు. ఆ వ్యక్తి చచ్చిన ఈగలను తింటాడు. కసురుకొంటాడు, ఆస్పిరిన్ అడుగుతాడు. చైనా భోజనశాల పట్టికలోని 27వ, 53వ వంటకాలు కావాలంటాడు. బీరు కూడా! దేవదూత అనుకొందామంటే ఈ గొంతెమ్మ కోరికలు అడ్డు వస్తాయి. బిచ్చగాడు అనుకొందామంటే వీపున కోటు క్రింద ముడుచుకొన్న రెక్కలు చేతికి తగులుతాయి. అతడే స్కెలిగ్.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక విషయం. భుజాల వెనుక ఎముకలు దేనికని మైకేల్ తల్లిని అడుగుతాడు. ఒకప్పుడు రెక్కలుండిన చోటు అది అని ఆమె చెబుతుంది. ఆంగ్ల పాఠకునికి ఇది వింత ఊహ. తెలుగువానికి అంత వింత కాదు. పక్షికీ రెక్కే, మనిషికీ రెక్కే. రెక్క పట్టుకొని లాగాడంటాము, రెక్కాడితేగాని డొక్కాడదంటాము. ఆల్మండ్ ఒక నవల అంతా శ్రమించి కలిపిన రెండర్థాలను మన పలుకుబడి ఏనాడో ఒకే మాటలో ఇమిడ్చింది. ఈ నవలను తెలుగు చేయబూనినవారికి ఆ ఒక్క మాట పెట్టుబడిగా చాలు.

పేర్ల సంగతి కూడా గమనార్హం. ఐర్లండు నైరుతి తీరాన సముద్రంలో స్కెలిగ్ మైకేల్ అనే రాతి దీవి ఉన్నది. పూర్వం క్రైస్తవ సన్యాసులు తపోజీవనం సాగించిన చోటు. ఆ దీవి పేరులోని రెండు మాటలూ ఈ కథలో ఇద్దరు వ్యక్తులైనాయి. మైకేల్ అంటే మన విద్యార్థులలో చాలామంది ఎరిగిన మీకాయీలే. వర్షాన్నీ ఆహారాన్నీ ప్రాణులకు చేరవేసే దైవదూత అని మన సంప్రదాయం. ఈ నవలలో రెక్కలున్నవాడు ఆకలితో పడి ఉంటే, ఆ పేరుగల బాలుడు అన్నం మోసుకొనిపోతాడు. రచయిత ఇది తలచి వ్రాశాడని నేననను. చదివేవారికి తోచక మానదు.

నవలకు ఆయువుపట్టు ఈ అన్నం మోయడంలోనే ఉన్నది. చెల్లెలి విషయంలో మైకేల్ చేయగలిగింది ఏమీ లేదు. ఆమె గొట్టాల నడుమ, గాజుపెట్టెలో, పెద్దల ఆధీనంలో ఉన్నది. గ్యారేజీలోని రోగి మాత్రం అతని చేతికి అందాడు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కీళ్ళవాతానికి మందేమిటని అక్కడివారిని ఆరా తీస్తాడు. చేపనూనె తెచ్చి త్రాగిస్తాడు. ఉర్దూలో ఇయాదత్ అనీ, తీమార్‌దారీ అనీ రెండు మాటలున్నవి. మొదటిది రోగిని చూడబోవడం, రెండవది దగ్గరుండి సేవ చేయడం. ఇంట్లో మొదటిది మాత్రమే దక్కిన బాలునికి ఆల్మండ్ రెండవదానిని గ్యారేజీలో దొరకబుచ్చాడు. మన తరగతులలో సైతం ఇంట రోగి ఉన్న విద్యార్థి హాజరు పట్టీలో గైర్హాజరుగానే కనబడతాడు. అతడు ఏ మంచం ప్రక్కన కూర్చున్నాడో, లేక కూర్చోనీయక ఏ గదిలోకి పంపారో పట్టీ చెప్పదు.

అనుకోని రెండవ స్నేహం పొరుగింటి మీనాతో. ఆమె బడికి పోదు. తల్లి వద్దనే చదువుకొంటుంది. చెట్టెక్కి పక్షుల బొమ్మలు గీస్తుంది. చెట్టునిండా దేవదూతలను చూశానన్న కవి విలియం బ్లేక్ ఆమెకు ఆరాధ్యుడు. బడిని పంజరమని ఆమె ఈసడించినప్పుడు ఈ వృత్తిలో ఉన్న నాకు కొంత గుచ్చుకొన్న మాట నిజమే. అయితే రచయిత ఆమె పక్షం వహించలేదు. మైకేల్ బడినీ, బంతియాట స్నేహితులనూ ప్రేమగానే చిత్రించాడు. పుట్టకముందే తండ్రిని కోల్పోయిన మీనా, చెల్లెలిని కోల్పోతానేమోనని వణికే మైకేల్, ఇద్దరూ కలిసి స్కెలిగ్‌ను రాత్రివేళ మరొక పాడుబడిన ఇంటికి చేరుస్తారు. అక్కడ గుడ్లగూబలు అతనికి ఆహారం తెచ్చిపెడతాయి.

జబ్బునూ అద్భుతాన్నీ ముడివేసిన నవలలు ఆంగ్లంలో మరికొన్ని ఉన్నవి. సి. ఎస్. లూయిస్ 1955లో ప్రకటించిన 'ది మెజీషియన్స్ నెఫ్యూ'లో మాయాఫలం తిని తల్లి కోలుకొంటుంది. తొమ్మిదేళ్ళ వయస్సులో తల్లిని పోగొట్టుకొన్న రచయిత కోరిక అందులో కనబడుతుంది. సియోబన్ డౌడ్ భావించి, కాన్సరుతో 2007లో కన్నుమూయగా, ప్యాట్రిక్ నెస్ పూర్తిగా వ్రాసి 2011లో వెలువరించిన 'ఎ మాన్‌స్టర్ కాల్స్'లో రాక్షసవృక్షం వచ్చినా తల్లి దక్కదు. ఒకచోట మాయ నయం చేసింది. ఒకచోట నిజాన్ని ఒప్పుకొనేట్లు చేసింది. ఆల్మండ్ ఈ రెండు త్రోవలూ తొక్కలేదు. గుండెకు శస్త్రచికిత్స జరగవలసిన ముందటి రాత్రి, ఆసుపత్రిలో నిద్రకూ మెలకువకూ నడుమ ఉన్న తల్లి ఒక మాసిన మనిషిని చూస్తుంది. అతడు బిడ్డను ఎత్తుకొని తిరుగుతాడు. మర్నాడు వైద్యులు తమ పని తాము చేస్తారు. బిడ్డ బ్రతుకుతుంది. రెక్కలా, కత్తా? రచయిత తేల్చలేదు. తేల్చకపోవడం లోపమని కొందరనవచ్చు, నాకట్లు తోచదు. తరువాత పిల్లలు స్కెలిగ్‌ను అడిగితే, తానే ఆ బిడ్డ నుండి బలం పొందానంటాడు. బలం ఇవ్వవలసినవాడు పుచ్చుకొన్నానంటున్నాడు!

స్కెలిగ్ వెళ్ళిపోతాడు. ఎక్కడికో చెప్పడు.

నవల పొడుగునా ఆ పసికందుకు పేరు లేకపోవడం తొలి పఠనంలో మనం గమనించం. అందరూ ఆమెను పాప అనే అంటారు. బ్రతుకుతుందో లేదో తెలియని బిడ్డకు పేరు పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. ఆమె ఇల్లు చేరిన తరువాతనే ఆ ప్రసక్తి వస్తుంది. పాతాళానికి పోయి ప్రతి వసంతానికీ తిరిగివచ్చే గ్రీకు కన్య పెర్సెఫొనీ పేరు పెడదామా అని కాసేపు తర్జనభర్జన పడతారు. పిలవడానికి మరీ పొడుగని కాబోలు, చివరకు జాయ్ అని పిలుచుకొంటారు. తెలుగులో ఆ పిల్ల ఆనంది.