దూరంగా కూర్చోమంటే నొచ్చుకుంటారేమో!

నలుగురు ఆడవాళ్ళం కలిస్తే చాలు, మాట ఎక్కడ మొదలైనా కరోనా కాలం, ఆ 2020, 21 సంవత్సరాల దగ్గరికే పోతుంది. ఆడపడుచుని గుమ్మం బయటే నిలబెట్టానని ఒకరికి దిగులు. దగ్గుతూ వచ్చిన చుట్టాన్ని వద్దనలేక ఇంటిల్లిపాదీ మంచమెక్కామని ఇంకొకరికి దిగులు. దూరం పెట్టినా బాధే, పెట్టలేకపోయినా బాధేనా? ఇలా కూర్చో చెల్లీ, ఆ టీ తాగుతూ విను. తప్పొప్పుల సంగతి పక్కన పెట్టి, మన మనసు అప్పుడు అలా ఎందుకు చేసిందో చూద్దాం.

వైరస్ అంటే మనకి భయం లేకపోలేదు. కానీ ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనన్న బెంగ అంతకంటే పెద్దది. క్రిమి కంటికి కనిపించదు, దాని పని అది నాలుగు రోజుల తర్వాత చేస్తుంది. పిన్నిగారి మొహం చిన్నబోవడం మాత్రం ఇప్పుడే, మన కళ్ళ ముందే కనిపిస్తుంది. అందుకే బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకి ఆమడ దూరం జరిగిన మనమే, ఇంటికొచ్చిన సొంతవాళ్ళ పక్కన ఒకే సోఫాలో కూర్చున్నాం. మనవాళ్ళ దగ్గర మనకేమవుతుందిలే అనిపిస్తుంది. ఇది తెలివితక్కువతనం కాదమ్మా, మొహమాటం. ప్రేమ కూడా.

మా కోల్‌కతాలో ఇది మరీ కష్టం. ఇక్కడ పాడా అంటే ఒక పేట మాత్రమే కాదు, సగం చుట్టరికం. సాయంత్రమైతే కబుర్ల అడ్డా వేయాల్సిందే, మట్టి కప్పుల్లో చాయ్ తాగాల్సిందే. అలాంటి ఊళ్ళో 2020 మార్చి నెలాఖరున ముఖ్యమంత్రి మమతా బెనర్జీ స్వయంగా బజారుకి వచ్చి, ఇటుక ముక్కతో నేల మీద గుండ్రాలు గీసి, ఎవరెక్కడ నిలబడాలో చూపించారు. అందులో ఎంత సుళువు ఉందో గమనించావా? కూరగాయల దగ్గర "కాస్త వెనక్కి జరగండి బాబూ" అని మనం నోరు తెరిచి అననక్కర్లేదు. ఆ మాట గీతే చెబుతుంది, ఎవరూ నొచ్చుకోరు.

మనమూ ఇంట్లో అదే పద్ధతి పెట్టుకుందాం. ఊరంతా వైరల్ జ్వరాలున్నప్పుడు ఎవరైనా వస్తామంటే, వరండాలోనో బాల్కనీలోనో ముందే రెండు కుర్చీలు ఎడంగా వేసి పెట్టు. వచ్చాక జరగమంటే అవమానంలా ఉంటుంది, రాకముందే వేసిన కుర్చీ మర్యాదలా ఉంటుంది. టీతో పాటు నాలుగు జంతికలు పెట్టావంటే ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

ఇక భయం ముదిరితే ఏమవుతుందో కూడా చూశాం. 2020 మే నెలలో మణిపూర్ నుంచి వచ్చి కోల్‌కతా ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేస్తున్న నర్సులు వందల మంది ఉద్యోగాలు వదిలి సొంత ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఇరుగుపొరుగు తమని చూసిన తీరు కూడా ఒక కారణమని వాళ్ళలో కొందరు చెప్పుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మనిషికి దూరంగా నిలబడటం వేరు, మనిషినే వెలివేయడం వేరు కదా? వెలివేస్తారని తెలిస్తే ఎవరైనా జ్వరం వచ్చిందని బయటికి చెబుతారా? దాచుకుంటారు. అప్పుడు ఎవరికి క్షేమం?

ఈ ఊరికి ఇలాంటి భయం కొత్త కూడా కాదు. 1898లో ప్లేగు వచ్చినప్పుడు రోగం కంటే, బలవంతంగా లాక్కెళ్ళి వేరుగా ఉంచుతారన్న పుకార్లకి బెదిరి జనం ఊరు విడిచి పరుగులు తీశారు. వివేకానందస్వామి బెంగాలీలో, హిందీలో కరపత్రం వేయించి, భయపడకండి, మేమున్నామని ధైర్యం చెప్పారు. మరుసటేడు ఆయన శిష్యురాలు సిస్టర్ నివేదిత బాగ్‌బజార్ వీధిలో తానే చీపురు పట్టారు. ఆవిడని చూసి సిగ్గుపడి కుర్రాళ్ళు తామూ పనిలోకి దిగారు. చెప్పినప్పుడు కదలని మనిషి, పక్కవాళ్ళు చేస్తుంటే చూసి కదులుతాడు. మీ అపార్ట్‌మెంట్‌లో మాస్కు వేసుకోండని గ్రూపులో పది మెసేజీలు పెట్టేకంటే, జలుబు చేసిన రోజు నువ్వు మాస్కుతో లిఫ్టు ఎక్కు. చాలు.

మాట పనికిరాదని కాదు సుమా. ఆ మాట ఎవరి నోట వస్తోందన్నది ముఖ్యం. 2020 మేలో, కోల్‌కతాలో పెరిగిన నోబెల్ గ్రహీత అభిజిత్ బెనర్జీ జాగ్రత్తలు చెబుతున్న రెండున్నర నిమిషాల వీడియోల లింకులు పశ్చిమ బెంగాల్‌లో 2.5 కోట్ల మంది ఫోన్లకి వెళ్ళాయి. అప్పటికే ఫోన్లలో కరోనా జాగ్రత్తల కాలర్ ట్యూన్లు వినివిని అందరి చెవులూ చిల్లులు పడ్డాయి. అయినా ఈ వీడియోల తర్వాత ఊరు దాటి వెళ్ళడం సుమారు 20 శాతం తగ్గింది, ఒంట్లో బాగాలేదని ఆరోగ్య కార్యకర్తలకి చెప్పడం రెట్టింపయింది. వీడియో అందనివాళ్ళలోనూ మార్పు కనిపించింది. తమవాడనుకున్న మనిషి తమ మాటల్లో చెబితే అలా పాకుతుంది. మీ మామగారు నీ మాట వినరా? ఆయన ఎవరి మాట వింటారో ఆలోచించు. ఫ్యామిలీ డాక్టరో, పాత స్నేహితుడో, వాళ్ళ చేత చెప్పించు. నువ్వు కోపం తెచ్చుకోకు.

విసుగు సంగతీ చెప్పాలి. 2020 దుర్గాపూజకి కలకత్తా హైకోర్టు మండపాల్లోకి జనాన్ని రానివ్వొద్దంది. చిన్న మండపమైతే 5 మీటర్లు, పెద్దదైతే 10 మీటర్ల దూరంలో అడ్డుకట్టలు కట్టించింది. ఆ ఏడు చాలామంది అమ్మవారిని టీవీలోనే చూసుకున్నారు. 2021లోనూ అదే ఆంక్ష, కానీ లేక్‌టౌన్‌లో బుర్జ్ ఖలీఫాలా కట్టిన శ్రీభూమి మండపం చూడ్డానికి జనం పోటెత్తితే, చివరికి దర్శనం ఆపేయాల్సి వచ్చింది. పూజల తర్వాత నగరంలో కేసులు మళ్ళీ పెరిగాయి. ఎన్నాళ్ళని బిగబట్టుకుంటారు చెప్పు? భయమైనా సరే, రోజూ చూస్తుంటే అలవాటైపోతుంది. అందుకని అన్నీ మానేస్తానని ఒట్టు పెట్టుకోకు. పండక్కి తెల్లవారుజామునే వెళ్ళిరా, ఇద్దరు స్నేహితుల్నే పిలువు, మేడ మీద కలవండి. మనసుకి కొంచెం తెరిపి ఇస్తేనే మిగతా జాగ్రత్త నిలుస్తుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. బస్తీలో ఇంటికొక గది, పదిళ్ళకొక కుళాయి ఉన్నచోట ఎడంగా ఉండమంటే ఎక్కడికి జరుగుతారు? క్యానింగ్ వైపు నుంచి లోకల్ రైల్లో వచ్చి మన ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి రైళ్ళు ఆగి, 2020 నవంబర్ 11న మళ్ళీ మొదలయ్యేదాకా ఎన్ని నెలల సంపాదన పోయింది? వాళ్ళది నిర్లక్ష్యం అనేముందు వాళ్ళ పొయ్యి సంగతి ఆలోచిద్దాం. మీ పనమ్మాయి జ్వరంతో వచ్చిందంటే, రాకపోతే జీతం కోస్తావనే వచ్చింది. జ్వరమొస్తే మానెయ్, డబ్బు కోయనని ఈ నెల జీతం చేతిలో పెడుతూనే చెప్పెయ్. మాత్రలు కొనుక్కోవడానికి ఓ వంద రూపాయలు కూడా కలుపు.