తెల్లవారుజాము పొయ్యికి రాత్రే కర్ర

ఆరింటి షిఫ్టుకి బస్సెక్కాల్సిన మనిషికి నాలుగున్నరకి పొయ్యి దగ్గర పట్టే ఆలస్యమే అసలు ఆలస్యం. కర్ర అంటుకోదు. పొగ లేస్తుంది. గొట్టం పెట్టి ఊది ఊది కళ్లు మండుతాయి. నీళ్లు కాగేసరికి బస్సు వెళ్లిపోతుంది. కొండకర్ల నుంచి అచ్యుతాపురం సెజ్‌కి పనికి వెళ్లే వాళ్ల ఇళ్లలో ఇప్పుడు గ్యాస్ ఉంది, నిజమే. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. కానీ ఐదుగురున్న ఇంట్లో మూడు సిలిండర్లతో ఏడాది గడవదు కదా. అందుకే స్నానాల నీళ్లు, పెద్ద గిన్నెలో అన్నం, పండగ వంట పెరట్లో కర్ర పొయ్యి మీదే. ఆ కర్రని ఎలా కొనాలో, ఎక్కడ పేర్చాలో తెలిస్తే రోజూ అరగంట మిగులుతుంది.

ముందు కొనడం సంగతి. వాన మొదలయ్యాక కర్ర కోసం తిరిగేవాడు డబ్బిచ్చి నీళ్లు కొనుక్కుంటాడు. అప్పుడే కొట్టిన వంద కిలోల పచ్చికర్రలో దాదాపు నలభై నుంచి యాభై కిలోలు నీరే. తూకానికి డబ్బిస్తే ఆ నీటికీ ఇచ్చినట్టే. పైగా పొయ్యిలో పుట్టే వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది. సంక్రాంతి ఖర్చుల నుంచి తేరుకోగానే, మాఘ ఫాల్గుణాల్లో కొని పడేస్తే మంచిది. రోహిణి కార్తె ఎండలు కర్రకి చేసే మేలు మరే ఎండలూ చెయ్యవు. చీల్చిన కర్రకి రెండు మూడు నెలల ఎండ చాలు. చీల్చని దుంగకి అది ఏ మూలకీ రాదు. బెరడు నీటిని బయటికి పోనివ్వదు, తడి ఎక్కువగా కోసిన చివర్ల నుంచీ చీల్చిన ముఖాల నుంచీ పోతుంది. అందుకే మణికట్టు కంటే లావున్న ప్రతి ముక్కనీ కొన్న వారంలోనే చీల్చేయాలి. ఆరాక గొడ్డలి దిగదు.

మన తీరంలో దొరికేది ఎక్కువగా సరుగుడు. గట్టిది, నిదానంగా కాలుతుంది, కాస్త పచ్చిగా ఉన్నా మండుతుంది. ఆ ధైర్యంతోనే చాలామంది దాన్ని ఆరబెట్టరు. మండడం వేరు, పొగ లేకుండా మండడం వేరు. ఆరిందో లేదో చూడ్డానికి రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి కొట్టండి. ఆరిన కర్ర ఖంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే ఒక ముక్కకి సున్నంతో గుర్తు పెట్టి వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి. బరువు తగ్గడం ఆగిన వారం ఆ కుప్ప పొయ్యికి సిద్ధం.

ఇక పెరట్లో పేర్చడం. అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం ఒకటే: తీసేది ఒక చివర, వేసేది మరో చివర. కొత్త మోపు తెచ్చి పాతదాని మీద పడేస్తే అడుగుది పుచ్చిపోయేదాకా అడుగునే ఉంటుంది, మీరు రోజూ పచ్చికర్రే కాలుస్తారు. ఎడమ నుంచి తీస్తూ కుడివైపు చేరుస్తూ పొండి. ఏ నెలలో కొన్నారో ఒక దుంగ చివర సుద్దతో రాయండి. షాపువాడు పాత సరుకు ముందు అమ్మడానికి చేసే పనే ఇది.

కుప్ప నేలని తాకకూడదు. రెండు వరసల ఇటుకలో సిమెంటు దిమ్మెలో పెట్టి, వాటి మీద అడ్డంగా పాత తాటి దుంగలు వేసి, ఆ పైన పేర్చాలి. కొండకర్ల ఆవ సరస్సు దగ్గర తాటి దుంగని తొలిచి దోనెలు చేసే ఊరు ఇది, తాటి తడికి ఎంత ఓర్చుకుంటుందో ఇక్కడి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నేలకీ కర్రకీ మధ్య జానెడు సందు ఎందుకంటే, గాలి కోసం సరే, చెదలు ఆ ఇటుకల మీదుగానే మట్టి గొట్టం కట్టుకుంటూ ఎక్కాలి. కంటికి కనిపిస్తుంది, చీపురుతో దులిపేయొచ్చు. గోడకి ఆనించి పేరిస్తే అవి ఎప్పుడు గుమ్మంలోకి ఎక్కాయో కూడా తెలియదు. గోడకీ కుప్పకీ మధ్య మనిషి పక్కగా దూరేంత జాగా వదలండి. కోసిన చివర్లు గాలి వచ్చే వైపు ఉండాలి. ఎత్తు ఛాతీ దాటకూడదు. రెండు కొసల్లోనూ ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా వేస్తే కుప్ప జారదు.

పైన ఒక రేకు, కాస్త వాలుగా. అంతే. పట్టా తెచ్చి నాలుగు పక్కలా నేలదాకా కప్పడం అందరం చేసే పనే, అదే పెద్ద తప్పు. లోపలి తడి ఆవిరై పట్టాకి తగిలి మళ్లీ కర్ర మీదే కారుతుంది, నాలుగు రోజుల్లో బూజు. పక్కలు తెరిచే ఉంచండి. తాటి మట్టలు, కొబ్బరి పీచు, చితుకులు కుప్పలో కలపకండి, మూతున్న పాత రంగు డబ్బాలో వేరేగా ఉంచండి. నిప్పు రాజుకోవడానికి అవే కావాలి, ముందు తడిసేవీ అవే.

ఇంట్లోకి ఎంత తేవాలి? ఒక రోజుది, మరో రోజుకి మిగులు. అంతకు మించి తెస్తే తేళ్లనీ జెర్రుల్నీ తెచ్చుకున్నట్టే. గుమ్మం పక్క ఇనప స్టాండు మీద, పొయ్యికి కనీసం మూడడుగుల దూరంలో పెట్టండి. పొయ్యి మీది అటకలో కర్ర ఆరబెట్టే పాత అలవాటు పెంకుటింట్లో ఎలాగో చెల్లింది, తాటాకు పాకలో అది ఇంటికే నిప్పు పెట్టుకోవడం. గ్యాస్ సిలిండర్ ఉన్న గదిలో కర్ర పొయ్యి అసలు వెలిగించకండి.

మర్నాటి కర్ర వెలుతురుండగానే లోపలికి తెచ్చుకోవాలని చెప్పడానికి షిఫ్టు ఒక్కటే కారణం కాదు. కట్లపాము రాత్రిపూట తిరిగేది, కుప్ప సందులు దానికి ఇష్టం. అది కరిస్తే పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు, వాపూ రాకపోవచ్చు. ఏదో గుచ్చుకుందనుకుని పనికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. అనుమానం వచ్చినా చాలు, 108కి ఫోన్ చెయ్యండి. కోయడం, గట్టిగా కట్టడం, పసరు మందులు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. తెల్లవారుజామున తియ్యక తప్పకపోతే టార్చి వేసి, కుప్పని కర్రతో తట్టి, పై వరస నుంచే తియ్యండి. ఉత్త కాళ్లతో వెళ్లకండి.

ఈ మోత పని ఇంట్లో ముందు లేచే ఆడమనిషిదే అన్నట్టు నడుస్తోంది. ఇద్దరూ జీతానికి వెళ్లే ఇంట్లో అదేం లెక్కో నాకు అర్థం కాదు. వారాంతపు సెలవురోజు అరగంట, చీల్చడం పేర్చడం మగవాళ్లు చేసేస్తే సరి.

కంపెనీల దగ్గర చవగ్గా దొరికే ప్యాకింగ్ చెక్కల గురించి ఒక మాట. ఎగుమతి సరుకు కింద వాడే చెక్క పలకల మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. అందులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది, దాన్ని పొయ్యిలో పెట్టొద్దు. రంగు వేసినవి, మందుల కంపెనీలో రసాయనం ఒలికి మరకలు పడ్డవి ఏ ముద్ర ఉన్నా వద్దు. గన్నేరు కొమ్మలు కూడా వంటకి పనికిరావు, పొగే విషం. జీడి పిక్కల పెంకులూ అంతే, వాటి నూనె చర్మాన్ని కాలుస్తుంది.

చివరిగా తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక కరెంటు లేని రోజులు ఇక్కడి వాళ్లకి గుర్తే. అక్టోబరు, నవంబరుల్లో హెచ్చరిక రాగానే కుప్ప మీది రేకు దించి ఇంట్లో పెట్టండి, గాలికి లేస్తే అది కత్తే. అప్పుడు మాత్రం పట్టా కప్పి, తాడుతో కింది దుంగలకి బిగించి కట్టండి. నాలుగు రోజులకి సరిపడా ఎండుకర్ర, ఒక డబ్బా చితుకులు లోపలికి చేర్చండి. వాన వెలిసిన రోజే పట్టా విప్పేసి పక్కలకి గాలి తగలనివ్వండి.