గృహాన్వేషణ

పాఠ్యభాగ ఉద్దేశం

సొంత ఊరు విడిచి పట్టణంలో ఉద్యోగంలో చేరే యువతీయువకులకు ఎదురయ్యే మొదటి సమస్య ఇల్లు. అద్దె, దూరం, నీటి వసతి అందరూ చూసుకొనేవే. అయితే కొందరికి వీటన్నిటికంటె ముందు మరొక ప్రశ్న ఎదురవుతుంది. ఆ ప్రశ్న స్వరూపాన్నీ, దాని వెనుక ఉన్న చరిత్రనూ, దానిని ఎదుర్కొనే మార్గాలనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలు చిరకాలం కృష్ణా జిల్లాలో మెట్టసీమగా పేరొందాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో ఇవి అంతర్భాగాలయ్యాయి. ఒకవైపు పాలేరు, మరొకవైపు మునేరు ప్రవహించే ఈ సీమలో పత్తి, మిరప ప్రధానమైన పంటలు. జగ్గయ్యపేట పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. హైదరాబాదు – విజయవాడ జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండా సాగుతుంది. ఆ రహదారి వెంట బస్సెక్కి చదువుకోసం, కొలువుకోసం విజయవాడకో, హైదరాబాదుకో వెళ్లే యువతరం ఇక్కడ ప్రతి ఊరిలోను కనిపిస్తుంది.

ఆ యువతరంలో దళిత కుటుంబాలనుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. తల్లిదండ్రులు మిరపకాయలు కోసి, పత్తి తీసి బిడ్డలను చదివించారు. సాంఘిక సంక్షేమ వసతి గృహాలు, ఉపకార వేతనాలు ఆ చదువుకు ఊతమిచ్చాయి. ఇంటిలో మొదటిసారి డిగ్రీ పుచ్చుకొన్నవారు, మొదటిసారి నెలజీతం అందుకొన్నవారు వీరే. ఈ మొదటి తరం ఉద్యోగికి నగరంలో ఇల్లు వెదకడం కేవలం నివాస సమస్య కాదు. తాను సాధించినదానికి సమాజం ఇచ్చే విలువ ఎంతో తేలే సందర్భం.

మన పల్లెల నిర్మాణాన్ని గమనిస్తే ఈ మాటలోని అంతరార్థం బోధపడుతుంది. ఊరు ఒకచోట, దళితవాడ మరొకచోట ఉండడం తరతరాలుగా వచ్చిన ఏర్పాటు. ఎవరు ఎక్కడ నివసించాలో వారి ఇష్టాన్నిబట్టి కాక వారి పుట్టుకనుబట్టి నిర్ణయమయ్యేది. చిరునామా చెప్పగానే కులం తెలిసిపోయేది. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ డాక్టర్ అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా కీర్తించడాన్ని తిరస్కరించారు. గ్రామం సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయమైందని ఆయన అభిప్రాయపడ్డారు. 1985లో కారంచేడులో దాడికి గురైన దళితులు ఊరు విడిచి చీరాల పట్టణంలో తలదాచుకొన్నారు. ఆనాడు పట్టణం వారికి రక్షణగా నిలిచింది. పట్టణంలో ఎవరూ ఎవరినీ ఎరుగరనీ, అందుచేత ఎవరి పని వారు చేసుకొని గౌరవంగా బతకవచ్చుననీ ఎందరో ఆశించారు. ఆ ఆశ చాలవరకు నిజమైంది కూడ. కాని ఇంటి గడప దగ్గర మాత్రం అది ఇంకా పూర్తిగా నెరవేరలేదు.

ఉదాహరణకు నందిగామ సమీపంలోని ఒక పల్లెనుండి విజయవాడకు బదిలీ అయిన ఒక బ్యాంకు ఉద్యోగిని ఊహించుకొందాం. ఆమె ముందుగా ప్రాంతాన్ని ఎన్నుకోవాలి. వారాంతంలో ఇంటికి వెళ్లిరావాలంటే నందిగామ బస్సులు వచ్చే దారిలో ఉన్న గొల్లపూడి, భవానీపురం అనుకూలం. కార్యాలయం బెంజి సర్కిల్ వైపు ఉంటే పటమట దగ్గర. పల్లపు ప్రాంతమా, మెరక ప్రాంతమా అన్నది కూడ విచారించాలి. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగినప్పుడు సింగునగరు, పాయకాపురం వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో మునిగి ఉన్నాయి. అద్దె తక్కువని తొందరపడినవారు ఇటువంటి సంగతులను తరువాత తెలుసుకొంటారు.

ప్రాంతం కుదిరిన తరువాత అపార్ట్‌మెంటు సంగతి. మంచినీరు ఏ వేళకు వస్తుంది, లిఫ్టుకు జనరేటరు ఉందా, రాత్రి కాపలాదారు ఉంటాడా, నెలకు మెయింటెనెన్సు ఎంత, అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతు ఏమిటి అనేవి అడిగి తెలుసుకోవాలి. అద్దె ఒప్పందాన్ని కాగితంమీద వ్రాయించుకోవాలి. ఏడాదికి మించిన కౌలు పత్రానికి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుచేతనే మన నగరాలలో పదకొండు నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. చెల్లించిన ప్రతి పైకానికీ రసీదు ఉంచుకోవడం అవసరం.

ఆమె ఇవన్నీ విచారించింది. ‘టు లెట్’ బోర్డు చూసి మెట్లెక్కింది. ఇంటావిడ ఆదరంగా లోపలికి పిలిచి, గదులు చూపించి, మంచినీళ్లిచ్చింది. “ఏం ఉద్యోగమమ్మా? మీ సొంత ఊరేది?” అని అడిగింది. ఆమె చెప్పింది. ఆ తరువాత, “మీ ఇంటిపేరేమిటి? మీరేమిట్లు?” అనే ప్రశ్నలు వచ్చాయి. సమాధానం విన్న ఇంటావిడ ముఖం ముడుచుకోలేదు. కఠినంగా ఒక్క మాట అనలేదు. “మా ఆడపడుచువాళ్లు వస్తామంటున్నారమ్మా, కనుక్కొని చెప్తాను” అని మాత్రం అంది. ఆ కబురు రాలేదు. బోర్డు మరో నెల అలాగే వేలాడింది.

జగ్గయ్యపేటను నిర్మించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఆ పట్టణానికి తన తండ్రి పేరు పెట్టాడు. తండ్రి పేరు నిలుపుకోవడం అందరికీ గౌరవమే. అదే సీమనుండి వచ్చిన ఈ యువతి మాత్రం తండ్రి ఇచ్చిన ఇంటిపేరు చెప్పడానికి ఒక క్షణం ఆలోచించవలసి వస్తున్నది.

ఇటువంటి తిరస్కారానికి సాక్ష్యం దొరకదు. అది మాటలో ఉండదు, మాట మార్చడంలో ఉంటుంది. అందుకే పరిశోధకులు దీనిని పరీక్షించడానికి ఒక పద్ధతిని అనుసరించారు. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ పరిసర నగరాలలో అద్దె ఇళ్లకోసం వేర్వేరు సామాజిక వర్గాల పేర్లతో యజమానులను సంప్రదింపజేశారు. ఆ పరిశోధన ఫలితాలు 2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడ్డాయి. అగ్రవర్ణాల పేర్లు చెప్పినవారికి ఇళ్లు సులభంగా దొరికాయి. దళితుల పేర్లు చెప్పినవారిలో పలువురికి తిరస్కారమో, అదనపు షరతులో ఎదురయ్యాయి. ముస్లింల పేర్లు చెప్పినవారికి ఇంకా ఎక్కువ తిరస్కారం ఎదురైంది.

ఈ అనుభవం మన దేశంలోని మహామేధావికి కూడ తప్పలేదు. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలోను, ఆపైన లండనులోను చదివిన అంబేడ్కర్ ఒప్పందం ప్రకారం 1917లో ఆ సంస్థానంలో ఉద్యోగానికి చేరారు. ఉన్నత పదవి దొరికింది కాని ఉండడానికి చోటు దొరకలేదు. చివరకు పార్సీలకోసం ఉన్న ఒక సత్రంలో పార్సీ పేరు పెట్టుకొని దిగారు. పదకొండవ రోజు ఉదయం కొందరు పార్సీలు కర్రలతో వచ్చి నిలదీశారు. సాయంకాలంలోగా ఖాళీ చేయాలన్నారు. ఆయన ఇద్దరు మిత్రులను ఆశ్రయించారు. ఒకరు హిందువు, మరొకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పి తప్పించుకొన్నారు. ఒక ఉద్యానవనంలో గంటలకొద్దీ కూర్చొని, ఆ రాత్రి రైలులో అంబేడ్కర్ బొంబాయికి వెళ్లిపోయారు. ఏళ్లు గడిచినా ఆ సంఘటన తలచుకొంటే తనకు కన్నీరు ఆగదని ఆయన తరువాత వ్రాసుకొన్నారు.

ఈ వివక్ష మన దేశానికి మాత్రమే పరిమితం కాదు. అమెరికాలో నల్లజాతి ఉద్యోగులు నగరాలలో ఇల్లు వెదికినప్పుడు ఇటువంటి గోడలే అడ్డువచ్చాయి. 1930 దశకంలో అక్కడి ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు తయారుచేసి, నల్లజాతివారు నివసించే పేటలను ఎర్రరంగుతో గుర్తించింది. ఆ పేటలు అప్పులివ్వడానికి ప్రమాదకరమైనవని దాని అర్థం. 1966 జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ ఈ సమస్యను లోకానికి చూపడానికి చికాగో నగరంలోని ఒక పేదల పేటలో అద్దెకు దిగారు. ఆ వేసవిలో శ్వేతజాతివారి పేట మీదుగా ఊరేగింపు నడుపుతుండగా ఆయనపై రాయి విసిరారు. 1968 ఏప్రిల్ 4న ఆయన హత్యకు గురైన వారం రోజులకు, ఏప్రిల్ 11న, జాతి కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించే చట్టం ఆ దేశంలో అమలులోకి వచ్చింది.

మన దేశంలో చట్టం అంతకంటె ముందే పుట్టింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 19వ అధికరణం దేశంలో ఏ ప్రాంతంలోనైనా నివసించే హక్కును ప్రతి పౌరునికీ ప్రసాదించింది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టానికి 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మారింది. అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏదైనా ప్రాంతంలో ఇల్లు కట్టుకోకుండా, పొందకుండా, నివసించకుండా అడ్డుకోవడం ఈ చట్టం ప్రకారం నేరం. 1989లో మరింత కఠినమైన అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా “మా బంధువులు వస్తున్నారు” అన్న మాటను న్యాయస్థానంలో నేరంగా నిరూపించడం సులభం కాదు. చట్టం తలుపు తెరవమనగలదు. తలుపు వెనుక ఉన్న మనసును తెరవలేదు.

ఈ పరిస్థితిలో మన ఉద్యోగిని ముందు కొన్ని మార్గాలున్నాయి. తనవాళ్లు ఎక్కువగా ఉండే పేటలో ఇల్లు చూసుకోవడం ఒకటి. అక్కడ ప్రశ్నలుండవు, కష్టసుఖాలలో తోడుంటుంది. కాని పల్లెలోని వాడ నగరంలో మరొక రూపం ధరించినట్లవుతుంది. ఇంటిపేరు దాచి ఇల్లు తీసుకోవడం రెండవది. దీనివల్ల ఇల్లు దొరుకుతుంది కాని నిశ్చింత దొరకదు. ఊరినుండి తల్లి వచ్చినా, గోడమీద అంబేడ్కర్ పటం తగిలించినా, పొరుగువారు ఏమనుకొంటారోనన్న భయం వెంటాడుతుంది. బరోడా సత్రంలోని పదకొండు రోజుల అనుభవం చెప్పేది ఇదే. యజమాని వేరే ఊరిలో ఉండి, ఉద్యోగం, జీతం మాత్రమే చూసే పెద్ద సముదాయాలలో వెదకడం మూడవ మార్గం. సహోద్యోగుల ద్వారా, ఇంతకుముందు అక్కడ అద్దెకున్నవారి ద్వారా ముందే వాకబు చేసుకోవడం నాల్గవది.

ఈ మార్గాలలో ఏది మంచిదో బయటివారు నిర్ణయించలేరు. అలసిపోయినవారు మొదటి దారి పట్టితే అది పిరికితనం కాదు. అత్యవసరంలో పేరు దాచినవారిని నిందించడం తగదు. తిరస్కరించే ఇంటినిబట్టి తన విలువను కొలుచుకోకపోవడం మాత్రం ఏ దారిలోనైనా ముఖ్యం. తప్పు అడిగేవారిది, చెప్పేవారిది కాదు.

సత్రంనుండి వెళ్లగొట్టబడిన అంబేడ్కర్ తరువాతి కాలంలో బొంబాయిలోని దాదరులో, హిందూ కాలనీలో, ‘రాజగృహ’ పేరుతో సొంత ఇల్లు కట్టుకొన్నారు. తన పుస్తకాలకు తగినంత చోటు ఉండేటట్లు దానిని నిర్మించుకొన్నారు. అందరికీ అది సాధ్యం కాదు. ఇల్లు అద్దెకిచ్చేవారు అందరూ చేయగలిగినది ఒకటి ఉంది. అద్దెకు వచ్చినవారిని అద్దె ఇవ్వగలరా, ఇంటిని జాగ్రత్తగా చూసుకొంటారా అని మాత్రమే అడగడం. ఈనాటి విద్యార్థులలో కొందరు రేపు ఇల్లు వెదుకుతారు. మరికొందరు ఇంటి యజమానులవుతారు. ఈ పాఠం ఇద్దరికీ వర్తిస్తుంది.

పదాలు – అర్థాలు

అన్వేషణ = వెదకడం
మెట్టసీమ = పల్లపు సాగుకాక వర్షాధారపు సాగు ఎక్కువగా ఉండే ప్రాంతం
ఊతం = ఆధారం
వివక్ష = భేదభావంతో చూడడం
సంకుచితత్వం = విశాలదృష్టి లేకపోవడం
వాకబు = విచారణ
పైకం = డబ్బు

అభ్యాసాలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. బరోడాలో అంబేడ్కర్ ఎదుర్కొన్న అనుభవాన్ని వివరించి, నేటి గృహాన్వేషణతో దానికి గల పోలికలను తెలపండి.
2. బ్యాంకు ఉద్యోగిని ముందున్న నాలుగు మార్గాలలోని మంచిచెడ్డలను చర్చించండి.

II. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. నగరంలో ఇల్లు అద్దెకు తీసుకొనేటప్పుడు విచారించవలసిన విషయాలేవి?
2. పౌరహక్కుల రక్షణ చట్టం నివాసం విషయంలో ఏమి చెబుతున్నది?
3. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ చికాగోలో ఎందుకు అద్దెకు దిగారు?

III. సంధి విడదీసి, సంధి పేరు వ్రాయండి
గృహాన్వేషణ, విద్యార్థి, అత్యవసరం, మహామేధావికైనా

IV. ఆలోచించండి
“చట్టం తలుపు తెరవమనగలదు, తలుపు వెనుక ఉన్న మనసును తెరవలేదు.” ఈ వాక్యాన్ని మీ పరిసరాలలో చూసిన అనుభవంతో సమన్వయించి పది వాక్యాలు వ్రాయండి.